వెనక్కెళ్లే బటన్ ఏదీ? పాత ఫోను, కొత్త ఫోను పక్కపక్కన పెట్టి పోల్చుకునే పద్ధతి

మా మావది పలాస. జీడిపిక్కల వ్యాపారంలో లెక్కలు రాస్తాడు. తొమ్మిదేళ్లపాటు ఒకే ఫోను వాడాడు. సంక్రాంతికి ఇంటికొచ్చిన కొడుకు కొత్త ఫోను కొని చేతిలో పెట్టి, కనుమ మర్నాడు బస్సెక్కి వెళ్లిపోయాడు. మూడో రోజు నాకు మావ దగ్గర్నుంచి ఫోను, అదీ పాతదాంట్లోంచే.

"అల్లుడా, ఇదేటిరా, దీనికి తలా తోకా ఏటీ నేదు. వాట్సాప్‌లోకి ఎల్లాను, బయటికి రావడం తెల్దు. ఎనక్కెల్లే గుండీ ఏది?"

పోనీ స్విచాఫ్ చేద్దామని పక్క బటన్ నొక్కి పట్టుకున్నాడట. లోపల్నుంచి ఎవరో ఆడమనిషి "చెప్పండి, ఎలా సాయం చేయగలను" అందిట. దాంతో దాన్ని తీసుకెళ్లి బీరువాలో చీరల కింద పెట్టేశాడు.

ఆ ఆదివారం నేను శ్రీకాకుళం నుంచి పలాస వెళ్లాను. చాప మీద రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం. ఆ రోజు కాగితం మీద రాసుకున్నదే ఇక్కడ మెట్ల వారీగా పెడుతున్నాను. ఆ తర్వాత మా వీధిలో నలుగురైదుగురికి ఇదే పద్ధతిలో ఫోన్లు మార్చి పెట్టాను.

నాకు అర్థమైనది ముందే చెప్పేస్తాను. ర్యామ్ ఎంత, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అని దుకాణంలో పోలుస్తారు చూడండి, రోజువారీ వాడకంలో మనకి తగిలే తేడా అది కాదు. పాత ఫోను తనకి ఏమేం వచ్చో అన్నీ కళ్లెదుట పెట్టుకునేది. కొత్తది అవన్నీ దాచేసి, ఎక్కడున్నాయో మీకు ముందే తెలుసనుకుంటుంది. పోల్చాల్సింది దీన్ని. ఏం దాచిందో కనిపెట్టి, కావలసినవి మళ్లీ బయటికి లాగాలి.

మొదటి మెట్టు: రెండింటి వయసూ చూడండి

రెండు ఫోన్లలోనూ సెట్టింగ్స్ తెరిచి అట్టడుక్కి వెళ్తే 'ఫోన్ గురించి' అనో 'ఫోన్ పరిచయం' అనో ఉంటుంది. అందులో రెండు సంగతులు రాసుకోండి: ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ (భద్రతా లోపాలకి చివరిసారి మరమ్మతు అందిన తేదీ). మావ పాత ఫోనులో వెర్షన్ 5.1. ప్యాచ్ తేదీ అన్న వరసే లేదు. కొత్తదాంట్లో 14.

ఆ తేదీకి ఒక కథ ఉంది. 2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక్క ఎంఎంఎస్, అంటే ఫొటోనో వీడియోనో ఉన్న మెసేజీ, వచ్చి పడితే చాలు, మీరు దాన్ని తెరవకపోయినా ఫోను లోపలికి దారి దొరికేది. ఆ దెబ్బతోనే ఆ ఏడాది ఆగస్టు నుంచి గూగుల్ నెలనెలా ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ప్యాచ్ తేదీ రెండు మూడేళ్ల కిందట ఆగిపోయిన ఫోనంటే తాళం తుప్పు పట్టిన తలుపే. అందులో పాటలు వినొచ్చు, బ్యాంకు పని మాత్రం పెట్టుకోకూడదు.

వెర్షన్ నంబరు ఇంకో పనికి పనికొస్తుంది. 2.3.7, అంతకంటే పాతవాటిలో గూగుల్ ఖాతాతో లాగిన్ అవడం 2021 సెప్టెంబరు 27 నుంచి ఆగిపోయింది. వాట్సాప్‌కి 2023 అక్టోబరు 24 నుంచి కనీసం 5.0 ఉండాలని పెట్టారు. నోకియా సింబియన్ ఫోన్లకి వాట్సాప్ 2017 జూన్ 30తోనూ, విండోస్ ఫోన్లకి 2019 డిసెంబరు 31తోనూ అయిపోయింది. అంటే మావ పాత ఫోను గట్టు అంచున నిలబడి ఉందన్నమాట. ఫోను పాడవకుండానే ఒక్కో యాప్ దాన్ని వదిలేసి వెళ్లిపోతుంది. "నా ఫోను బాగానే పన్జేస్తంది గదా" అనేవాళ్లకి చెప్పాల్సింది ఇదే.

రెండో మెట్టు: గాజుని పరీక్షించండి

టచ్ బాగోలేదంటే తప్పు ఫోనుని నడిపే సాఫ్ట్‌వేర్‌దా, గాజుదా, వేలిదా? ముందు దీన్ని తేల్చుకోవాలి. తేల్చుకోకుండా ఫోను మార్చినవాళ్లని చూశాను. కొత్త ఫోనులోనూ అదే బాధ.

దీనికి ఫోనులోనే ఒక పరికరం ఉంది. 'ఫోన్ గురించి'లో బిల్డ్ నంబర్ అని ఉంటుంది. దాని మీద వరసగా ఏడుసార్లు కొట్టండి. 'మీరు ఇప్పుడు డెవలపర్' అని వస్తుంది, కంగారు పడకండి. ఇప్పుడు సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో 'పాయింటర్ లొకేషన్' వేయండి. ఇక వేలు ఎక్కడ పెడితే అక్కడ గీతలు పడతాయి, పైన అంకెలు పరుగెడతాయి.

ఇప్పుడు చూపుడు వేలితో మెల్లగా, పై అంచు నుంచి కింది అంచు దాకా, పొలంలో సాళ్లు తోలినట్టు పక్కపక్కనే గీతలు గీయండి. తర్వాత ఆ మూల నుంచి ఈ మూలకి ఒకటి. గీత ఎక్కడైనా తెగిందంటే అక్కడ గాజు చచ్చిపోయినట్టే. వేలు కదపకపోయినా గీతలు వాటంతటవే ఎగురుతుంటే డిస్‌ప్లే పోతోందని అర్థం, లేదా నాసిరకం ఛార్జరు పెట్టి ఉంది. ఛార్జరు తీసేసి మళ్లీ చూడండి. మావ పాత ఫోనులో ఎడమ పక్క బొటనవేలంత మేర గీత తెగింది. ఆ మూలనే ఆయన రెండేళ్లుగా మూడేసిసార్లు పొడుస్తున్నాడు, పాపం, తన వేలిదే తప్పనుకుని.

తర్వాత అత్తని పిలిచాం. అత్త ఇరవై ఏళ్లుగా జీడిపిక్కలు కొడుతోంది. పిక్క పెంకులోని నూనె చర్మాన్ని తినేస్తుంది. వేళ్ల కొసలు నల్లబడి, గట్టిపడి, గీతలు అరిగిపోయి ఉంటాయి. ఆవిడ గీసిన గీత రెండు ఫోన్లలోనూ ముక్కలు ముక్కలుగా పడింది. తడిగుడ్డతో వేలు తుడుచుకుని గీస్తే అతుక్కుంది.

ఎందుకో చెప్తాను. ఇప్పటి తెరలన్నీ కెపాసిటివ్ రకం. గాజు కింద కంటికి కనపడని విద్యుత్తు గళ్లు ఉంటాయి. వేలు దగ్గరికి రాగానే అక్కడి ఛార్జిలో వచ్చే మార్పుని ఫోను లెక్కగడుతుంది. ఒత్తిడితో దానికి పనిలేదు. ఎండి, కాయకాచిన చర్మంతో ఆ మార్పు తక్కువ వస్తుంది. అదే నీటి చుక్క పడితే దాన్నీ వేలే అనుకుంటుంది. అందుకే వానలో ఫోను పిచ్చిగా ప్రవర్తిస్తుంది. దీనికి ముందు రెసిస్టివ్ తెరలుండేవి. 2008 నాటి నోకియా 5800 అలాంటిదే. రెండు పొరలు, మధ్య సన్నటి ఖాళీ. నొక్కితే ఆ రెండూ తగలాలి. గోటితో నొక్కినా, పెన్ను మూతతో నొక్కినా పలికేది. దాంతో పాటు గిటారు మీటే బిళ్ల లాంటిది కూడా ఒకటి ఇచ్చేవారు. 2007లో ఐఫోన్ వచ్చి కెపాసిటివ్ తెరని, రెండు వేళ్లతో బొమ్మని సాగదీయడాన్ని అందరికీ అలవాటు చేశాక ఆ రకం మెల్లగా కనుమరుగైంది. చాలామందికి మేలే జరిగింది. అత్త లాంటి చేతులకి మాత్రం పాత రకమే నయం.

మరి ఏం చేయాలి? మందపాటి టెంపర్డ్ గ్లాస్ ఉంటే పీకేయండి. సెట్టింగ్స్‌లో 'టచ్ సెన్సిటివిటీ' అనో 'స్క్రీన్ ప్రొటెక్టర్ మోడ్' అనో ఉంటే ఆన్ చేయండి. వేలిముద్ర తాళం పెట్టేటప్పుడు ఒకే వేలిని రెండు వేళ్లుగా రెండుసార్లు నమోదు చేయండి, కొంత మెరుగుపడుతుంది. అయినా పడకపోతే పట్టుదలకి పోకుండా ఆరంకెల పిన్ పెట్టేయండి. అత్తకి అదే పెట్టాం.

తెర జారుడు నున్నగా ఉందా లేదా అన్నది కూడా ఇక్కడే చూసేయొచ్చు. 60 హెర్ట్జ్ తెర సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది, 120 హెర్ట్జ్‌ది దానికి రెట్టింపు. కాంటాక్టుల జాబితాని విసిరితే తేడా తెలిసిపోతుంది. కంటికి బాగుంటుంది, అంతే. మావ అది గమనించనేలేదు.

మూడో మెట్టు: వెనక్కి, ఇంటికి, తెరిచినవి

అసలు గొడవంతా ఇక్కడే. ఈ మెట్టు మీద గంట కూర్చున్నా నష్టం లేదు.

2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చినప్పుడు దానికి నిజమైన కీబోర్డు, నిజమైన బటన్లు ఉండేవి. తెర మీద కీబోర్డు మరుసటి ఏడాదికి గానీ రాలేదు. ఆ తొలి రోజుల్లో చాలా ఫోన్లకి మెనూ, హోమ్, వెనక్కి, వెతుకు అని తెర కింద నాలుగు బటన్లు. 2011లో వచ్చిన 4.0 నుంచి ఫోన్లలో ఆ బటన్లు తెర లోపలికి దూరాయి. మెనూ బటన్ పోయి పైన మూడు చుక్కలయింది. 2018లో ఆండ్రాయిడ్ 9లో మూడు బటన్ల బదులు ఒక మాత్ర బిళ్లంత గీత, పక్కన వెనక్కి బాణం. 2019లో ఆండ్రాయిడ్ 10లో ఆ బాణం కూడా ఎగిరిపోయింది. మిగిలింది అడుగున ఒక సన్న గీత.

ఐఫోన్‌లో ఒకే ఒక గుండ్రటి బటన్ ఉండేది. 2017లో ఐఫోన్ 10తో దాన్ని తీసేయడం మొదలెట్టారు. ఇదేదో కొత్త ఆలోచన అనుకునేరు. తెరిచిన యాప్‌లని పేక ముక్కల్లా పరిచి, అక్కర్లేనిదాన్ని పైకి విసిరేయడం 2009లోనే పామ్ ప్రీ ఫోనులో ఉంది. ఎదర ఒక్క బటన్ కూడా లేకుండా అంచుల నుంచి తోసుకుంటూ వాడే నోకియా ఎన్9 వచ్చింది 2011లో. ఆ రెండూ అమ్ముడుపోక ఆగిపోయాయి గానీ వాటి ఆత్మలు ఇప్పుడు మన జేబుల్లో తిరుగుతున్నాయి.

సరే, ఇప్పుడు పరీక్ష. కొత్త ఫోనులో వాట్సాప్ తెరిచి, వాడే మనిషి చేతికివ్వండి. మీరు మాట్లాడకండి, ఆయన వేలినే చూడండి.

నేను మావ వేలిని చూశాను. కింది నుంచి పైకి తోస్తే ఇంటికెళ్తుంది. పైకి తోసి కాసేపు ఆపితే తెరిచిన యాప్‌లన్నీ వస్తాయి. రెండింటికీ తేడా అరక్షణం కూడా ఉండదు. మావ వేలు నెమ్మది, అకౌంటు పుస్తకంలో అంకెలు దిద్దినట్టు కదులుతుంది. అందుకని ఆయన ఇంటికెళ్దామని తోసిన ప్రతిసారీ యాప్‌ల వరసే వచ్చింది. ఆ వరసలో ఏదో ఒకటి ముట్టుకుంటాడు, అది తెరుచుకుంటుంది. మళ్లీ మొదలు. ఇక వెనక్కి రావాలంటే పక్క అంచు నుంచి లోపలికి తోయాలి. ఆయన ఫోనుకి కొడుకు వేసిన కవరు అంచు ఎత్తుగా ఉంది. వేలు సరిగ్గా అంచు మీద మొదలవడమే లేదు. దానికితోడు మనవరాలి ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి చూద్దామని పక్కకి తోస్తే, వేలు అంచు దగ్గర్నుంచి మొదలైనప్పుడల్లా ఫొటో మూసుకుపోయి బయటికొచ్చేస్తోంది. "ఈటికి నానంటే పడదు" అన్నాడు.

ఫోనుకి ఆయనంటే పడకపోవడం కాదు. ఒకే వేలు కదలికకి వేగాన్ని బట్టి ఒక అర్థం, మొదలైన చోటుని బట్టి ఇంకో అర్థం పెట్టారు. వాటిలో ఒక్కటీ తెర మీద రాసి లేదు.

ఇలా మార్చండి. సెట్టింగ్స్ పైన వెతుకు పెట్టెలో 'నావిగేషన్' అని కొట్టండి. కంపెనీని బట్టి దారి మారుతుంది: కొన్నిటిలో సిస్టమ్, తర్వాత సంజ్ఞలు, తర్వాత నావిగేషన్ మోడ్, శామ్‌సంగ్‌లో డిస్‌ప్లే కింద నావిగేషన్ బార్. వెతుకు పెట్టె ఉండగా దారి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అక్కడ 'మూడు బటన్లు' ఎంచుకోండి. అంతే, త్రికోణం, గుండ్రం, చదరం మళ్లీ ప్రత్యక్షం.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇంకొక్కటి చూడండి. పాత ఫోనులో వెనక్కి బటన్ ఏ పక్కన ఉండేది? శామ్‌సంగ్ వాళ్లది మొదట్నుంచీ కుడి పక్క. మిగతా చాలావాటిలో ఎడమ పక్క. తొమ్మిదేళ్లలో అది తలలోంచి దిగి వేలిలోకి వెళ్లిపోయి ఉంటుంది. చాలా ఫోన్లలో ఈ వరస తిరగేసుకునే వీలుంది. పాత ఫోను ఎలా ఉంటే కొత్తదీ అలాగే పెట్టండి. మావకి ఇది మార్చిన పది నిమిషాలకి ఆయన వేలు దానంతటదే వెనక్కి బటన్ మీద పడటం చూశాను.

అక్కడే పక్క బటన్ సంగతీ తేల్చేయండి. ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే అసిస్టెంట్, అంటే మనతో మాట్లాడే ఆ గొంతు, లేస్తుంది; స్విచాఫ్ కావాలంటే పవర్, వాల్యూమ్ పెంచే బటన్ రెండూ కలిపి నొక్కాలి. సెట్టింగ్స్‌లో 'పవర్ బటన్' అని వెతికి, నొక్కి పట్టుకుంటే పవర్ మెనూ వచ్చేలా పెట్టండి. బీరువాలో చీరల కింద ఇంకే ఆడమనిషీ మాట్లాడదు.

ఐఫోన్ వాడేవాళ్లకి మూడు బటన్ల వెసులుబాటు లేదు. హోమ్ బటన్ ఉన్న చివరి మోడల్ 2022 నాటి ఎస్ఈ. 2025లో దాని స్థానంలో 16ఈ వచ్చాక అదీ ముగిసింది. దానికి బదులు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ (చూపు, చెయ్యి ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం పెట్టిన సౌకర్యాలు), టచ్ కింద 'అసిస్టివ్ టచ్' ఆన్ చేస్తే తెర మీద తేలే బటన్ ఒకటి వస్తుంది. చూడ్డానికి బొట్టుబిళ్ల అంటించినట్టుంటుంది గానీ పని జరుగుతుంది.

మీ వేళ్లు చురుగ్గా ఉండి, బటన్లు లేకుండా వేలితో తోసే ఈ సంజ్ఞలే నచ్చితే వాటితోనే ఉండండి, తెరలో చోటు కలిసొస్తుంది. నాకూ అవే అలవాటు. నా అలవాటుని మావ మీద రుద్దకపోవడమే ఈ మెట్టు.

నాలుగో మెట్టు: పది పనులు, వేలి లెక్క

ఒక కాగితం తీసి ఆ మనిషి రోజూ చేసే పది పనులు రాయండి. మీకు తోచినవి కాదు, ఆయన చేసేవి. మావవి: ఫోను ఎత్తడం, స్పీకరు వేయడం, టార్చి, బాకీ చీటీ ఫొటో తీసి పంపడం, కిరాణా కొట్లో క్యూఆర్ కొట్టి డబ్బులివ్వడం, అలారం, మనవరాలితో వీడియో కాల్, క్యాలుక్యులేటరు, పంచాంగం చూడటం, రేడియో. ఒక్కో పనికి రెండు ఫోన్లలోనూ ఎన్నిసార్లు ముట్టుకోవాలో, ఎక్కడ ఆగి ఆలోచించాడో గీత పెట్టండి. ముట్టుకోవడాలు ఎక్కువైనా పర్లేదు గానీ ఆగడాలు ఎక్కువగా ఉన్న పనిని మీరు సర్దాలి.

టార్చికి పాత ఫోనులో ముందు తెర మీద బొమ్మ ఉండేది. తాళం తీసి ఒక్కసారి ముట్టుకుంటే వెలిగేది. కొత్తదాంట్లో పైనుంచి కిందికి లాగి ముట్టుకోవాలి, కానీ తాళం తీయక్కర్లేదు. ఇది కొత్తదానికే మార్కు. ఫోను ఎత్తడంలో పాతదానికి మార్కు. కొత్తదాంట్లో పైకి తోయాలా, పక్కకి తోయాలా అని తటపటాయించేలోపు కాల్ పోతోంది. కొన్ని కంపెనీల ఫోన్లలో వాల్యూమ్ బటన్‌తో ఎత్తేలా పెట్టుకోవచ్చు. పవర్ బటన్‌తో కాల్ కట్ చేసే వీలు యాక్సెసిబిలిటీలో దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది.

స్పీకరు బటన్ దగ్గర మావ చాలాసేపు ఆగాడు. పాత ఫోన్లలో బటన్ బటన్‌లా ఉండేది, కొంచెం ఉబ్బెత్తుగా, నీడతో. 2013లో ఐఫోన్ ఐఓఎస్ 7, ఆ మరుసటేడు ఆండ్రాయిడ్ 5 వచ్చాక అంతా చదును చేసేశారు. ఏది రాత, ఏది బటన్ అన్నది మీరే పోల్చుకోవాలి. మా దగ్గర పని చేసిన చిట్కా ఇది: యాక్సెసిబిలిటీలో 'హై కాంట్రాస్ట్ టెక్స్ట్' ఆన్ చేసి, డిస్‌ప్లే సైజు ఒక మెట్టు పెంచాం. ఒక బటన్ ముట్టుకునే చోటు సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవాళ్లకి గూగుల్ చెప్పే లెక్క. అంటే చిటికెన వేలి గోరు వెడల్పంత. చాలా యాప్‌లు పాటించవు.

చెయ్యి వణికేవాళ్లుంటే 'నొక్కి పట్టుకునే సమయం' అన్నది కూడా అక్కడే పెంచండి. ముట్టుకోబోతే నొక్కి పట్టుకున్నట్టయ్యి, ఉన్నట్టుండి మెసేజీలు నీలంగా ఎంపికైపోయే బాధ తగ్గుతుంది.

ఇక రేడియో. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, టవర్లు లేవు. మావ దగ్గర ఆ పాత ఫోనుకి విడిగా రెండో బ్యాటరీ ఉండేది, వెనక మూత తీసి మార్చుకోవడమే. ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్‌గా ఎఫ్ఎం విన్నారు. కొత్త ఫోనులో మూత రాదు, ఇయర్‌ఫోన్ పెట్టుకునే కన్నమూ లేదు, ఎఫ్ఎం యాప్ కూడా లేదు. ఈ పని దగ్గర కొత్తదానికి సున్నా వేశాడు మావ. నేనేమీ వాదించలేదు. మన తీరంలో ఉండేవాళ్లు ఫోను కొనేటప్పుడే ఎఫ్ఎం ఉందా అని అడగాలి.

ఐదో మెట్టు: తెలుగు

2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చేదాకా చాలా ఫోన్లలో తెలుగంటే డబ్బాలే. ఒపెరా మినీలో లోపలి సెట్టింగ్ ఒకటి మార్చి, అక్షరాల్ని బొమ్మలుగా తెప్పించుకుని తెలుగు పేపర్లు చదివిన తరం మాది. 2014లో 5.0తో ఫోను మొత్తం తెలుగులో పెట్టుకునే వీలొచ్చింది. పెద్ద పెద్దవాళ్లు కూడా మన లిపి దగ్గర తడబడ్డారు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. ఆపిల్ వాళ్లు 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. జ్ఞానం తట్టుకోలేకపోయిందని అప్పట్లో నవ్వుకున్నాం.

ఇప్పుడు చూడాల్సింది రెండే. అక్షరాల సైజు బాగా పెంచి, 'స్త్రీ', 'రాష్ట్రం', 'క్ష్మి' అని టైపు చేసి, కింది ఒత్తులు తెగిపోతున్నాయేమో రెండు ఫోన్లలోనూ చూడండి. తెగితే ఫాంటు సైజు ఒక మెట్టు తగ్గించి, డిస్‌ప్లే సైజు ఒక మెట్టు పెంచండి. ఆండ్రాయిడ్ 7 నుంచి ఆ రెండూ వేరువేరు సెట్టింగులు. రెండోది, కీబోర్డులో మైకు. మావ టైపు చేయడు, మాట్లాడతాడు. "ఏటి సేత్తన్నావు" అంటే "ఏం చేస్తున్నావు" అని రాయదు గానీ, కాస్త పుస్తకం భాషలో మాట్లాడితే బాగానే పట్టుకుంటుంది. మావ ఇప్పుడు వాట్సాప్‌లో హెడ్మాస్టరులా మాట్లాడుతున్నాడు.

ఆరో మెట్టు: అనుమతులు

ఇక్కడ పోటీయే లేదు, కొత్తదే గెలుస్తుంది. ఆండ్రాయిడ్ 6.0కి ముందు యాప్ వేసేటప్పుడే అడిగినవన్నీ మూటగా ఇచ్చేయాలి. టార్చి యాప్‌కి మీ కాంటాక్టులు ఎందుకని అడిగే అవకాశమే లేదు. 2015లో 6.0 నుంచి ఒక్కొక్కటీ విడిగా అడుగుతుంది. 11లో 'ఈ ఒక్కసారికి' వచ్చింది. 12లో కెమెరా, మైకు వాడుతుంటే మూలన పచ్చ చుక్క వెలుగుతుంది. 13 నుంచి నోటిఫికేషన్ పంపాలన్నా అడగాలి. మావకి ఒక్కటే నేర్పాను: పచ్చ చుక్క కనపడి, నువ్వు వీడియోలో లేకపోతే, నాకు ఫోను చెయ్యి.

ఏడో మెట్టు: సామాను మార్చడం

తొందరపడి పాతదాన్ని చెరిపేయకండి. వరస ఇదీ.

కాంటాక్టులు సిమ్ములో ఉంటే ముందు గూగుల్ ఖాతాలోకి ఎక్కించండి. సిమ్ములో ఒక పేరుకి ఒక నంబరే ఉంటుంది, పొడుగు పేర్లు తెగిపోతాయి. తర్వాత వాట్సాప్: రెండు ఫోన్లూ ఒకే వైఫై మీద పెట్టి, పాతదాంట్లో సెట్టింగ్స్, చాట్స్, 'ట్రాన్స్‌ఫర్ చాట్స్' అని వెళ్లి క్యూఆర్ కొట్టించండి. ఈ వరస కనపడకపోతే గూగుల్ డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసి, కొత్తదాంట్లో దింపుకోండి. ఫొటోలు కేబుల్‌తో. యూపీఐ చివర్న. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ము కొత్త ఫోనులో ఉండి, దాన్నుంచి ఎస్ఎంఎస్ వెళ్తేనే అది నమోదవుతుంది. ఎస్ఎంఎస్ బ్యాలెన్సు లేక ఇక్కడ గంటసేపు ఆగిపోయినవాడిని నేనే. తప్పు యాప్‌దనుకుని మూడుసార్లు తీసి మళ్లీ వేశాను.

పాత ఫోను వేరేవాళ్లకి ఇచ్చేస్తుంటే, ముందు సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ (అంతా చెరిపి కొత్తదానిలా చేయడం) చేయండి. ఆండ్రాయిడ్ 5.1 నుంచి దొంగల కోసం పెట్టిన తాళం ఒకటుంది: ఖాతా తీయకుండా బటన్లతో రీసెట్ కొడితే, తిరిగి తెరిచాక పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇది తెలియక ఇచ్చేస్తే అవతలివాళ్ల చేతిలో ఇటుక మిగులుతుంది.

అసలు టచ్ వద్దే వద్దనేవాళ్లూ ఉంటారు. మా పెద్దమ్మది పొందూరు, బటన్ ఫోను తప్ప ముట్టుకోదు. వలుగ చేప దవడ ఎముకతో ఖాదీ పత్తి దువ్వే వేళ్లకి గాజు ఏం రుచిస్తుంది? ఆవిడని కదపలేదు. బటన్ ఫోన్లలో కూడా డబ్బు పంపడానికి 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది, నంబరుకి కాల్ చేసి నడిపించుకోవచ్చు.

ఎనిమిదో మెట్టు: వారం రోజులు రెండూ ఉంచండి

సిమ్ము కొత్తదాంట్లో, పాతది పక్కన వైఫై మీద. రోజుకి ఒక పని మాత్రం కొత్తదాంట్లో నేర్పండి, ఫోను మీరు లాక్కుని చేసి చూపించకుండా. మీ వేగంతో మీరు చేస్తే అవతలివాళ్లకి కనపడేది మీ బొటనవేలు ఒక్కటే. వాళ్ల వేలినే పట్టుకుని తోయించండి, చిన్నప్పుడు ఇసకలో అక్షరాలు దిద్దించినట్టు. చేయకూడనిది ఏదైనా నొక్కేస్తానన్న భయం పోవాలంటే మొదటి రోజే వెనక్కి బటన్ పదిసార్లు కొట్టించి, ఎక్కడున్నా అది బయటికి తెస్తుందని చూపించండి.

వారం అయ్యాక పాత ఫోను బ్యాటరీ తీసి నేల మీద పెట్టి తిప్పి చూడండి. బొంగరంలా తిరిగితే ఉబ్బిందని అర్థం, ఇక వాడకండి, ఛార్జింగ్ అసలే పెట్టకండి. మావ రెండు బ్యాటరీల్లో ఒకటి తిరిగింది, దాన్ని రిపేరు షాపులో ఇచ్చేశాం. రెండోది బాగానే ఉంది. సిమ్ము తీసి, ఖాతాలన్నీ తీసేసి, ఆ ఫోనుకి ఎఫ్ఎం ఒక్కటే ఉంచాం. ఇప్పుడది వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే ముందు దానికే ఛార్జింగ్ పెడుతున్నాడు మావ.